లంకమల అంచున మట్టి పట్టీలు

ఈ సంచిక వన్యప్రాణి పరిశోధక విద్యార్థులది. వాళ్ల పని ఎలాంటిదో తెలియాలంటే కడప జిల్లా లంకమల చిట్టడవికి వెళ్లాలి.

1848లో పక్షిశాస్త్రవేత్త జెర్డన్ శాస్త్రలోకానికి పరిచయం చేసిన కలివికోడి అనే పక్షి 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కృషితో ఇక్కడే మళ్లీ బయటపడింది. చీకట్లో దాన్ని పట్టుకున్నది మాత్రం స్థానికుడు ఐతన్న. పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సిన పేరది.

రాత్రిళ్లు తిరిగే పక్షి ఆనవాలు పట్టడమెలా? 2000 తర్వాత అక్కడ పనిచేసిన పరిశోధకులు పొదల నడుమ మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచారు. పొద్దున్నే వాటిమీది కాలిముద్రలు కొలిచి, ఇతర పక్షుల ముద్రల నుంచి వేరుచేశారు. వాటంతట అవే ఫొటోలు తీసే కెమెరాలు అమర్చారు. మునిమాపు వేళ దాని కూతను వినిపించి, బదులు కోసం చెవులు రిక్కించారు. ఎంతో ఓపిక కావాల్సిన పని.

తేలింది ఇదీ: కలివికోడికి దట్టమైన పొదలూ సరిపడవు, బోడి నేలా సరిపడదు, నడుమ నడుమ ఖాళీ జాగా ఉన్న పొదలు కావాలి. తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ నేలమీదికే వచ్చినప్పుడు ఈ ఆధారాలే అక్కరకొచ్చాయి. కాలువ దారి మార్చారు.