కరువు నదికీ వరద లెక్క కట్టాలి

2021 నవంబరు 19, కార్తీక పౌర్ణమి. ఆ ఉదయం కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేటిపై కట్టిన అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. ఎగువన పించా ప్రాజెక్టు కట్ట అప్పటికే కొట్టుకుపోయి, ఆ నీరంతా దీని మీద వచ్చి పడింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు ఊళ్ల మీదుగా ఏరు పారింది. దీపాలు పెట్టడానికి శివాలయానికి వెళ్లిన భక్తులు, ఆర్టీసీ బస్సులో ఎక్కి కూర్చున్న ప్రయాణికులు ప్రాణాలు కోల్పోయారు. ప్రాజెక్టుకున్న ఐదు గేట్లలో ఒకటి లేవలేదని కేంద్ర జలశక్తి మంత్రి ఆ తర్వాత రాజ్యసభలోనే చెప్పారు.

ఈ దుర్ఘటనను దైవఘటన అని సరిపెట్టుకోవడానికి మేము ఒప్పుకోం. వాన మన చేతిలో లేదు. గేటు మన చేతిలో ఉంది. ఎంత వరదకు ఆనకట్ట కట్టాలన్న లెక్కా మన చేతిలోనే ఉంది.

అసలు లోపం ఆ లెక్కలోనే ఉంది. ఏటా నిండుగా పారే నదిలో పెద్ద వరదకూ మామూలు వరదకూ తేడా మరీ ఎక్కువ ఉండదు. రాయలసీమ ఏర్లు అలా కాదు. ఏళ్ల తరబడి ఇసుక తప్ప ఏమీ కనిపించని ఏటిలో ఒక్క రాత్రి వచ్చే నీరు మామూలు వరదకు ఎన్నో రెట్లు ఉంటుంది. నేల పల్చన, పైపొర గట్టి, చెట్టూ చేమా తక్కువ. బంగాళాఖాతం వాయుగుండం శేషాచలం, పాలకొండల మీద కుమ్మరిస్తే ఆ నీరు ఇంకేదెక్కడ? గంటల్లోనే వంకలు దాటి ఏట్లో కలుస్తుంది. ఇలాంటి నదికి కొద్ది దశాబ్దాల కొలతలు చూసి వందేళ్ల వరదను అంచనా కట్టడం చీకట్లో రాయి విసరడమే. వేడెక్కిన గాలి ప్రతి డిగ్రీకి దాదాపు 7 శాతం ఎక్కువ తేమ మోస్తున్న ఈ కాలంలో పాత అంచనాలు మరీ పనికిరావు.

కరువూ వరదా వేర్వేరు కాలాల కష్టాలన్న భ్రమ కూడా పోవాలి. 2009లో దేశమంతా నైరుతి ముఖం చాటేసింది. అదే ఏడాది అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి కర్నూలు మునిగింది. 19 లక్షల క్యూసెక్కుల వరదకు రూపకల్పన చేసిన శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. ఆ హెచ్చరిక తర్వాత కూడా పన్నెండేళ్లకు చెయ్యేరులో గేటు లేవలేదు.

ఇది మనొక్కరి కథ కాదు. 2023 సెప్టెంబరులో లిబియాలోని అల్ బైదాలో ఒక్క రోజే 414 మిల్లీమీటర్ల వాన కురిసింది. పొరుగునున్న డెర్నాలో 1970ల నాటి రెండు ఆనకట్టలు తెగి వేల మందిని సముద్రంలో కలిపాయి. వాటికి మరమ్మతు చేయాలని అక్కడి జలశాస్త్రవేత్త ఒకరు ఏడాది ముందే రాశారు. ఎవరూ పట్టించుకోలేదు.

గేటు దగ్గరి ఇంజినీరు ఇరకాటమూ అర్థం చేసుకోవాలి. కరువు ప్రాంతంలో వచ్చిన నీటిని ముందే వదిలేయడానికి చెయ్యి రాదు. రేపు వాన పడకపోతే ఎండిన పొలాలకు జవాబు చెప్పాల్సింది అతనే. అందుకే అతను ఆగుతాడు. ఆగేలోపు ఆలస్యమైపోతుంది. ఆ బరువు కిందిస్థాయి ఉద్యోగి ఒక్కడి భుజాన వేయడం అన్యాయం. వాతావరణ శాఖ హెచ్చరిక ఏ స్థాయికి చేరితే ఎంత నీరు వదలాలో రాతపూర్వక నియమం ఉండాలి. ఆ నియమం ప్రకారం వదిలిన నీటికి ప్రభుత్వమే బాధ్యత వహించాలి. రైతు నష్టపోతే పరిహారం కూడా ఇవ్వాలి.

దానితో పాటు సీమలోని ప్రతి ఆనకట్టకూ వరద అంచనాను తాజాగా కట్టాలి. చాలకపోతే స్పిల్‌వే వెడల్పు చేయాలి. గేట్ల మరమ్మతు నిధులు వేసవిలోనే విడుదల కావాలి. వానలు మొదలయ్యాక వచ్చే బిల్లు వల్ల ఎవరికి మేలు? దిగువ ఊళ్లలో సైరన్లు పెట్టాలి, అవి మోగితే ఎటు పోవాలో జనానికి ముందే చూపించాలి. ఏటి గర్భంలో ఇళ్లకు, తోటలకు అనుమతులిచ్చే అధికారులపై చర్య తప్పదు.

ఇవేవీ కొత్త కోర్కెలు కావు. అన్నమయ్య తెగిన కొద్ది వారాలకే పార్లమెంటు ఆనకట్టల భద్రతా చట్టం చేసింది. దాని పరిధిలోని పాత ఆనకట్టలకు ఐదేళ్లలో సమగ్ర భద్రతా పరీక్ష జరగాలని, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక సిద్ధం కావాలని నిర్దేశించింది. ఆ గడువు 2026 డిసెంబరుతో ముగుస్తుంది. ఏ ఆనకట్టకు ఆ పని జరిగిందో, దేనికి జరగలేదో రాష్ట్ర ప్రభుత్వం జిల్లాల వారీగా ప్రజల ముందు పెట్టాలి.