దగ్గరగా చూసినదే రాయండి

అశోక్‌నగర్ జిరాక్స్ షాపుల్లో కొన్న వ్యాసాల నోట్సునే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్‌-1కు చదివే పిల్లలు వల్లెవేస్తుంటారు. తెలంగాణ గ్రూప్‌-1 జనరల్ ఎస్సే పేపరుకు 150 మార్కులు. మూడు గంటల్లో విభాగానికొకటి చొప్పున మూడు వ్యాసాలు రాయాలి. అంశం ఎంచుకునే దగ్గరే చాలామంది చేజేతులా నష్టపోతున్నారని నా నమ్మకం. అమ్మానాన్నలు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని ముంబై వెళ్తే అవ్వ దగ్గర పెరిగిన పాలమూరు అబ్బాయి కూడా, వలసల ప్రశ్న వదిలేసి, కొటేషన్లు నోటికొచ్చు కదా అని అదే విభాగంలోని మరో అంశం ఎంచుకుంటాడు. అడ్వాన్సు తీరేదాకా ఇంటికి రావడం ఎందుకు కుదరదో, ఆ ఇంట్లో ముందుగా బడి మానేసేది ఎవరో అతనికి తెలుసు. ఏ నోట్సులోనూ అది దొరకదు. కళ్లారా చూసినవాడికి ఒక కారణం నుంచి ఇంకో కారణం తోస్తుంది. బట్టీపట్టినవాడికి కొటేషన్ అయిపోగానే మాట ఆగిపోతుంది. అలాగని ఆత్మకథ రాయమనడం లేదు. పేరూ ఊరూ అక్కర్లేదు. చూసిన సంగతిని ఉపాధి హామీ చట్టంతోనో, రేషన్ విధానంతోనో ముడిపెట్టి తర్కించండి. ప్రశ్నపత్రం అందగానే ముందు మీ ఇంటికీ మీ వీధికీ తెలిసిన అంశం ఏదో వెతకండి.