ఆఫర్ లెటర్లో ఎవరి మాటకు ఎంత వెల?

ఆఫర్‌కు సరేనని, తీరా చేరాల్సిన రోజున ఫోన్ ఎత్తని అభ్యర్థుల గురించి హైటెక్ సిటీ కంపెనీల హెచ్‌ఆర్ విభాగాలు నిత్యం వాపోతుంటాయి. మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా దీనికి వినిపించే కారణం ఒకటే: ఈ తరానికి మాట మీద నిలబడటం తెలియదు. ఇది అన్యాయమైన తీర్పు. ఈ అలవాటు నియామక పద్ధతిలోంచి పుట్టింది. దాన్ని ముందుగా నేర్పినవి కంపెనీలే.

ఏడాదికి 6.5 లక్షల జీతానికి ఎంపికై ఎదురుచూస్తున్న ఫ్రెషర్లను, 3.5 లక్షలకు చేరతారా అని 2023 ఫిబ్రవరిలో విప్రో అడిగింది. ఇన్ఫోసిస్ 2022 బ్యాచ్‌లో సుమారు 2,000 మందికి రెండేళ్ల దాకా జాయినింగ్ తేదీ ఇవ్వలేదు. ఉద్యోగుల సంఘం నైటీస్ 2024లో కేంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదు చేశాక గానీ వారికి తేదీలు రాలేదు. రెండింటికీ హైదరాబాద్‌లో పెద్ద క్యాంపస్‌లున్నాయి. మార్కెట్ మందగించిందన్న సంజాయిషీ నిజమే కావచ్చు. కానీ ఒక ఉద్యోగం వచ్చిన విద్యార్థిని చాలా ఇంజనీరింగ్ కాలేజీలు మరో కంపెనీ ఇంటర్వ్యూకు పంపవు. అంటే ఆ పిల్లలు మాటకు కట్టుబడక తప్పలేదు. ఆ రెండేళ్లలో చదువు కోసం తెచ్చిన అప్పుకు వడ్డీ మాత్రం ఆగలేదు.

అనుభవమున్నవారి కష్టం వేరు. చాలా పెద్ద ఐటీ కంపెనీల్లో నోటీస్ పీరియడ్ 90 రోజులు. రాజీనామా ఇచ్చాక ఆ మూడు నెలల్లో కొత్త కంపెనీ ప్రాజెక్టు పోయిందంటూ ఆఫర్ వెనక్కి తీసుకుంటే, పాత ఉద్యోగమూ ఉండదు, కొత్తదీ ఉండదు. అందుకే రెండో ఆఫర్ చేతిలో పెట్టుకుంటారు. ఇంటి అద్దె, ఈఎంఐ కట్టాల్సిన మనిషి తీసుకునే జాగ్రత్త ఇది. దీన్ని దురాశ అనడం తగదు.

చట్టం కూడా రెండు వైపులా ఒకేలా తూగడం లేదు. గడువుకు ముందే మానేసిన ఉద్యోగి 2 లక్షలు కట్టాలన్న షరతును 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో సమర్థించింది. ఉద్యోగి మాటకు అలా వెల ఉంది. జాయినింగ్ వాయిదా వేస్తే కంపెనీ ఇంత చెల్లిస్తుందన్న వాక్యం మాత్రం ఆఫర్ లెటర్లలో సాధారణంగా కనిపించదు.

రానని ఒక్క మెసేజ్ కూడా పెట్టకుండా మాయమవడం తప్పే. ఆ సీటు కోసం చూస్తున్న మరో అభ్యర్థికి అది నష్టం. అయితే ఆ తప్పును సరిదిద్దాలంటే తరాన్ని తిట్టి లాభం లేదు. లెటర్లో రాసిన తేదీ నుంచే జీతం లెక్కకట్టాలి, ఆఫర్ రద్దు చేస్తే నోటీస్ కాలపు వేతనం ఇవ్వాలి, 90 రోజుల్ని 30కి తగ్గించాలి.