ఈత వస్తే చాలదు

అండమాన్‌లో మన జిల్లా కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. చుట్టపుచూపుగా అక్కడికి వెళ్లే పలాస, టెక్కలి, ఉద్దానం కుర్రాళ్లకు స్కూబా సిలిండరు కట్టుకుని సముద్రంలో దిగాలన్న ముచ్చట సహజమే. కాని, 'తీరంలో పుట్టినవాళ్లం, మాకొకరు నేర్పాలా?' అన్న ధీమా పనికిరాదు.

ఊపిరి బిగబట్టి మునగడం మనవారికి అలవాటే. స్కూబాలో ఆ అలవాటే ముప్పు. 10 మీటర్ల లోతున పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. ఊపిరి వదలకపోతే ఊపిరితిత్తులు చిట్లిపోతాయి.

అందుచేత పాఠాలు, కొలనులో సాధన ముందే విశాఖలో గుర్తింపు ఉన్న శిక్షకుల వద్ద ముగించుకోవాలి. ఏడాదిలోగా అండమాన్‌లో నాలుగు మునకలు పూర్తిచేస్తే 18 మీటర్ల లోతు వరకు అర్హత పత్రం వస్తుంది. ఆస్తమా వంటి జబ్బులుంటే డాక్టరును అడగాలి. చివరి మునక తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కరాదు.

బారువ తీరంలో 1917లో మునిగిన చిల్కా ఓడ ఉంది. దాన్ని చూపడానికి బయటివారే రావాలా? పర్యాటక శాఖ ఫీజు భరించి మన మత్స్యకార యువకులకు ఈ శిక్షణ ఇప్పించాలి. ముచ్చట తీరుతుంది, బతుకుతెరువూ దొరుకుతుంది.