మంచు సమాధి అడిగే ప్రశ్న

ఉత్తర ధ్రువ ప్రాంతంలో, నేడు కెనడాలో భాగమైన బీచీ దీవిలో ఒక సిపాయి సమాధి ఉంది. అతని పేరు విలియం బ్రెయిన్. బ్రిటిష్ రాయల్ మెరైన్ దళంలో ప్రైవేటు, అంటే అందరికన్నా కింది హోదా. అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కు మంచు సముద్రాల మీదుగా దారి కనుక్కోవాలని సర్ జాన్ ఫ్రాంక్లిన్ నాయకత్వంలో 1845 మే నెలలో ఎరెబస్, టెర్రర్ అనే రెండు ఓడలు ఇంగ్లండ్ నుంచి బయల్దేరాయి. ఎరెబస్‌లో వెళ్లిన బ్రెయిన్ 1846 ఏప్రిల్ 3న, 32 ఏళ్లకే కన్నుమూశాడు. మిగిలినవారూ ఇల్లు చేరలేదు. మొత్తం 129 మందిని ఆ మంచు మింగేసింది.

పదకొండేళ్ల తర్వాత, 1857లో బ్రిటన్ ఆర్కిటిక్ పతకాన్ని నెలకొల్పింది. ఎనిమిది పలకల వెండి పతకం, తెల్ల రిబ్బను, ఒకవైపు విక్టోరియా రాణి, మరోవైపు మంచు మధ్య ఓడ. 1818 నుంచి 1855 దాకా ఆ మంచులో అన్వేషణలు చేసినవారి కోసం దాన్ని చేయించారు. అయితే బ్రెయిన్ రొమ్ము మీద అది ఏనాడూ మెరవలేదు. అతనికి దక్కింది సమాధి దగ్గర సహచరులు పాతిన చెక్క పలక. 1986లో పరిశోధకులు శవపేటిక తెరిస్తే, 40 కిలోలు కూడా తూగని ఆ దేహం ముఖం మీద ఎర్రటి చేతిరుమాలు కప్పి ఉంది. ఎవరో ఒక తోటివాడు చేసిన చివరి మర్యాద అది!

ఆ పలక మీద పేరు, వయసుతోపాటు యెహోషువ గ్రంథం 24:15లోని మాట చెక్కారు. ఎవరిని సేవిస్తారో ఈరోజే తేల్చుకోవాలన్న పిలుపు అది. ఆ మాట పలికిన యెహోషువ కూడా సైనికుడే. ఎన్నో యుద్ధాలు గెలిచిన సేనాని. అయినా షెకెములో చేసిన వీడ్కోలు ప్రసంగంలో తన విజయాల చిట్టా విప్పలేదు. గెలుపు మన కత్తి వల్లా, విల్లు వల్లా రాలేదని, అంతా దేవుడే చేశాడని చెప్పాడు. ఆ గ్రంథం మొదటి వచనంలో అతను మోషే పరిచారకుడు మాత్రమే. 110 ఏళ్లకు చనిపోయాకే 24:29లో అతన్ని యెహోవా దాసుడని పిలవడం చూస్తాం. దేవుడిచ్చిన బిరుదు అదొక్కటే. అదీ అతని చెవిన పడలేదు.

పతకాలు ఇవ్వడం తప్పా? కానే కాదు. ఘనత పొందదగినవారికి ఘనత ఇవ్వాలని పౌలే రోమీయులకు రాశాడు. ఘనత కోసమే సేవ చేయడం తప్పు. అర్హులు బతికుండగా పట్టించుకోకపోవడం ఇంకా పెద్ద తప్పు. ఈ రోగం లోకంలోనే కాదు, మన సంఘాల్లోనూ ముదిరింది. వేదికల మీద శాలువాలు, జ్ఞాపికలు, పేరుకు ముందు బారెడు బిరుదులు! నిజం చెప్పుకోవాలంటే కాపరులమైన మాకే ఇది ఎక్కువ. కప్పిన వారికే మళ్లీ మళ్లీ కప్పుతాం. వేకువనే వచ్చి మందిరం ఊడ్చే అక్క పేరు మాత్రం ఆమె సమాధి కార్యక్రమంలోనే తొలిసారి మైకులో వినిపిస్తుంది. అప్పుడు ఎంత పొగిడినా ఆమె వినగలదా?

మనం ఎవరిని సేవిస్తున్నాం? దేవుణ్నా, మన పేరునా? చప్పట్లు ఆగిపోయినా చేస్తున్న పని ఆగకపోతే, సేవించేది దేవుణ్నే అని మనకు మనమే చెప్పుకోవచ్చు. ఆ పలక మీది మాటలో 'నేడు' అనే పదం ఉంది. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక వేదిక వైపు కాక, చీపురు పట్టిన ఆ అక్క వైపు నాలుగడుగులు వేద్దాం. ఆమె వినగలిగినప్పుడే ఆమెకు కృతజ్ఞతలు చెబుదాం.