దానాంగ్ ప్రయాణానికి ముందు కీసరగుట్ట ఎక్కవలె



మా కుటుంబమంతా కలిసి వియత్నాము దేశంలోని దానాంగ్ నగరానికి వెళ్ళవలెనని నిశ్చయమైనది. పెద్దబ్బాయి కొంపల్లిలో ఉంటాడు, చిన్నవాడు సింగపూరులో. మేమిద్దరము కీసరలో. అందరమూ ఒక కప్పు క్రింద నాలుగు రోజులు గడిపి ఏడేళ్ళు దాటినది. చిన్నవాడు ఇదివరలో హో చి మిన్ నగరంలో ఉద్యోగం చేసిన రోజులలో, అనగా 2014లో, మేము దంపతులము ఒకసారి దానాంగ్ చూచి వచ్చినాము. మళ్ళీ ఇన్నేళ్ళకు, ఈసారి పన్నెండేళ్ళ మనవడు, పదేళ్ళ మనవరాలితో సహా వెళ్ళే యోగం కలుగుతున్నది. నా మోకాళ్ళ తీరు చూస్తే ఇదే నా కడపటి విదేశయాత్ర కావచ్చును. అందుచేత ఈ ప్రయాణపు ఏర్పాట్లలో ఒక్క విషయంలో మాత్రం నేను మొండిపట్టు పట్టినాను. అది ఎందుకో వివరించడానికే ఈ టపా.

ముందు సులువైన సంగతులు చెప్తాను. మేము మొదటిసారి వెళ్ళిన కాలంలో హైదరాబాదు నుండి రెండు విమానాలు మారవలసి వచ్చేది. 2025లో హైదరాబాదు నుండి హనోయికీ, హో చి మిన్ నగరానికీ నేరుగా విమానాలు మొదలైనాయి. ఆ రెండింటిలో ఎక్కడ దిగినా దానాంగ్ గంటన్నర లోపు దూరమే. 2023 ఆగస్టు నుండి తొంభై రోజుల వరకు చెల్లే ఎలక్ట్రానిక్ వీసాను అన్ని దేశాలవారికీ ఇస్తున్నారు. ఒక్కసారి ప్రవేశానికి రుసుము 25 డాలర్లు. పాస్‌పోర్టులో పేరు ఎట్లున్నదో దరఖాస్తులోనూ అక్షరం పొల్లుపోకుండా అట్లే ఉండవలె. ఇంటిపేరు ముందా వెనుకా అని మనవారు తికమకపడే చోటు ఇదే. విశేషమేమంటే వియత్నామీయులు కూడా మనవలెనే ఇంటిపేరును ముందు వ్రాసికొంటారు.

ఇక ముహూర్తం. దసరా సెలవులలో వెళ్దామని కోడలు అన్నది. కానీ దానాంగ్ ప్రాంతంలో సెప్టెంబరు నుండి డిసెంబరు వరకు వానలు, తుపానులు. అందులోనూ అక్టోబరు, నవంబరు మరీ గడ్డుకాలం. 2025 అక్టోబరు చివర ఆ ప్రక్కనే ఉన్న హోయ్ ఆన్ పాతపట్టణం వీధులు వరదలో మునిగిన దృశ్యాలు మీరూ చూచే ఉంటారు. కనుక మే చివర, జూన్ మొదట, పిల్లలిద్దరికీ సెలవులు కలిసే రోజులలో పూర్ణిమ ఎప్పుడు పడుతున్నదో పంచాంగం తీసి చూచినాను. ఎందుకంటే, హోయ్ ఆన్‌లో ప్రతి చాంద్రమాసంలోనూ పదునాలుగవ రాత్రి దీపాల పండుగ చేస్తారు. పాతపట్టణంలో విద్యుద్దీపాలు తగ్గించి, కాగితపు, పట్టు లాంతర్లు వెలిగిస్తారు. నదిలో దీపాలు వదులుతారు. మా ఇంటావిడ మొదటి ప్రయాణం నుండి కోరుకుంటున్నది అదే. మరునాడు పూర్ణిమ. ఆనాడు అక్కడి బౌద్ధులు చాలామంది శాకాహారమే భుజిస్తారు. శాకాహారానికి వారి మాట 'చాయ్'. ఆ మాట బోర్డుపై కనబడితే టీ కొట్టు అనుకోకుండా లోపలికి నడవవచ్చును. లేకపోతే కాయగూరల వంటకంలో కూడా చేపల నుండి తీసిన 'నుఓక్ మామ్' అనే రసం పడుతుంది. వారి తిథి లెక్కకూ మన లెక్కకూ ఒకరోజు తేడా వచ్చే అవకాశం ఉన్నది గనుక సరిచూచుకొనవలె. ఇట్లు మన పంచాంగం వారి దేశంలో పనికివచ్చినది.

ఇంతవరకు ఇంట్లో ఏకాభిప్రాయమే. చిక్కు వచ్చినది యాత్రా సంస్థవారు పంపిన కార్యక్రమ పత్రంతో. ఐదు రోజులలో ఒకరోజు పూర్తిగా బా నా కొండలకు. 2018లో ప్రారంభించిన, రెండు పెద్ద రాతిచేతులు ఎత్తి పట్టినట్లుండే బంగారు వంతెన ఆ కొండలపైనే ఉన్నది. అక్కడికి వెళ్ళే తీగమార్గం ఐదు కిలోమీటర్లకు పైబడిన పొడవు. పైన ఫ్రెంచి పల్లెను పోలిన కట్టడాలు. మిగిలిన రోజులు సముద్రతీరానికి, అంగళ్ళకు, హోయ్ ఆన్‌కు. చివరి పంక్తిలో చిన్న అక్షరాలతో ఇట్లున్నది: మీసన్ ఆలయాలు, వీలైతే, అదనపు రుసుముపై. రోమను లిపిలో ఆ పేరు చూచి మనవడు 'మై సన్' అని చదివి, "తాతా, ఇది నాన్న నన్ను పిలిచినట్లున్నది" అని నవ్వినాడు.

బా నా కొండలపై నాకు కోపం లేదు. పిల్లలు వెళ్ళవలసినదే. ఆ రాతిచేతులు నిజానికి రాయి కావు, తీగవలపై ఫైబర్‌గ్లాసు పూత వేసి రాయివలె కనబడేటట్లు చేసినవి. అయినా చూడముచ్చటగానే ఉంటాయట. కానీ మీసన్ 'వీలైతే' చూచే స్థలం కాదు. దానాంగ్ నుండి డెబ్బై కిలోమీటర్ల దూరంలో, చుట్టూ కొండలున్న లోయలో ఉన్నది. 2025 జులైలో క్వాంగ్ నామ్ రాష్ట్రాన్ని దానాంగ్‌లో కలిపిన తరువాత అది దానాంగ్ నగర పరిధిలోనిదే. నాలుగవ శతాబ్దిలో చంపా రాజు భద్రవర్మ అక్కడ భద్రేశ్వరుడనే పేర శివలింగాన్ని ప్రతిష్ఠించినాడు. తరువాత దాదాపు వెయ్యేండ్ల పాటు ఆ లోయలో ఆలయాలు లేస్తూనే ఉన్నాయి. 1969 ఆగస్టులో అమెరికా విమానాల బాంబులకు వాటిలో మేటి అయిన ఆలయం కూలిపోయినది. 1999లో యునెస్కో ఆ స్థలాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది. మన భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ 2017 నుండి అక్కడ కొన్ని ఆలయాలను చక్కదిద్దే పని చేపట్టినది. 2020లో ఆ పనిలో ఉండగానే తొమ్మిదవ శతాబ్దికి చెందిన ఏకశిలా లింగం బయటపడినది.

ఇక్కడే నా అసలు మాట. మనవారిలో మీసన్ పేరెత్తితే రెండే ప్రతిస్పందనలు కనబడుతున్నాయి. ఒకటి, "పాత ఇటుకలు చూడడానికి అంత దూరమా?" అనడం. రెండవది, "ఆహా, అదంతా మనదే, ఒకప్పుడు మనవాళ్ళు ఏలిన దేశం" అనడం. పైకి ఈ రెండూ ఎదురెదురు మాటలు. కానీ రెండింటి ఫలితమూ ఒక్కటే. మొదటివాడు వెళ్ళడు. రెండవవాడు వెళ్తాడు గాని చూడడు, తనకు ముందే తెలిసినదాన్ని ఫొటో తీసుకొని వస్తాడు.

2014లో మేము వెళ్ళిన వ్యానులో మన దేశస్థులే ఇంకొక అయిదారుగురున్నారు. ఆలయాల నడుమ నిలబడి ఒకాయన మార్గదర్శకుడైన కుర్రవానికి "ఇదంతా మాదే" అని పాఠం చెప్పినాడు. ఆ కుర్రవాడు చిరునవ్వుతో విని, "అయితే మీ ఊళ్ళో కూడా ఇంత పాత ఇటుక గుడి ఉన్నదా?" అని అడిగినాడు. వ్యంగ్యం లేదు, కుతూహలమే. ఆ పెద్దమనిషి ఆకాశం చూచినాడు. నేను ఉన్నదన్నాను. మా ఊరి గుట్టపై ఉన్నదని, ఇంచుమించు భద్రవర్మ తరువాతి కాలానిదేనని చెప్పినాను. అప్పుడు అతడు అడిగిన ప్రశ్నలు, ఇటుక ఎంత పొడవు, దేనితో అతికించినారు, ఎవరు కట్టించినారు అనేవి, ఏ పరీక్షాధికారీ నన్ను అడిగి ఉండడు.

కీసరగుట్ట అనగానే అందరికీ రామలింగేశ్వరస్వామి, శివరాత్రి జాతర గుర్తుకు వస్తాయి. హనుమంతుడు కాశి నుండి తెచ్చి విసిరినాడని చెప్పే లింగాలు గుట్టంతా ఉన్నాయి. దర్శనం చేసికొని, లింగాలపై నూనె పోసి దిగిపోతారు. అదే గుట్టపై పురావస్తు తవ్వకాలలో విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడాలు బయటపడినాయి. అక్కడే ఒక బండపై 'తొలచువాండ్రు' అనే ఒక్క మాట చెక్కి ఉన్నది. అయిదవ శతాబ్ది ప్రాంతపుదని పండితులంటారు. తెలంగాణలో లభించిన మిక్కిలి పాత తెలుగు మాటలలో అది ఒకటి. రాయి తొలిచే పనివారు అని అర్థం. రాజు పేరు కాదు, దేవుని పేరు కాదు, పనివారి పేరు.

ఇప్పుడు చంపాకు రండి. మీసన్‌కు దగ్గరలోని చా కియూ ప్రక్కన, డోంగ్ యెన్ చావు అనే చోట 1936లో ఒక శిలాశాసనం దొరికినది. నాలుగవ శతాబ్దిదిగా ఎంచుతారు. అది సంస్కృతం కాదు, చామ్ భాష. ఆగ్నేయాసియా దేశభాషలలో అంతకన్న పాత శాసనం ఇంతవరకు లేదు. లిపి దక్షిణభారత బ్రాహ్మీ శాఖకు చెందినది. అందులో నాగ, స్వర్గ, నరక వంటి సంస్కృత పదాలున్నాయి, కానీ వాక్యం వారిది. భాషాబోధకునిగా ముప్పై ఏళ్ళు పనిచేసినవానికి ఇంతకన్న పెద్ద వింత ఏమి కావలె? సంస్కృతాన్ని నెత్తిన పెట్టుకొని కూడా, తమ మాటను తమ బండపై తాము వ్రాసికొన్న జనం అక్కడ ఒకరు, ఇక్కడ ఒకరు. ఇంచుమించు ఒకే కాలం. వారూ మనవలెనే ఇతరుల నుండి తీసికొన్నారు, తీసికొన్నదాన్ని తమదిగా చేసికొన్నారు. దీనిని 'మనదే' అంటే వారి కష్టం మాయమైపోతుంది. తెలుగును సంస్కృతపు బిడ్డ మాత్రమే అని ఎవరైనా అంటే మనకెట్లుంటుందో, చామ్‌లకు ఆ మాట అట్లే ఉంటుంది.

మీసన్, దానాంగ్ ఉన్న ప్రాంతానికి చంపా శాసనాలలో పేరు అమరావతి. ఆ పేరు వినగానే మన గుండె పొంగుతుంది. పొంగనివ్వండి. కానీ మన కృష్ణాతీరపు అమరావతి నుండే ఆ పేరు వెళ్ళినదని ఘంటాపథంగా చెప్పే ఆధారం లేదు. అమరావతి ఇంద్రుని నగరం, ఎవరైనా పెట్టుకొనవచ్చును. వారి పట్టణాలకు సింహపురి, ఇంద్రపురి అనే పేర్లూ ఉన్నాయి. డోంగ్ యువాంగ్‌లో దొరికిన ప్రసిద్ధ కంచు బుద్ధ విగ్రహంలో మన అమరావతి శైలి చూచినవారున్నారు, సింహళపు పోలికలు చూచినవారూ ఉన్నారు. పిల్లలకు ఈ సందేహాలన్నీ చెప్పవలె. సందేహంతో చెప్పిన చరిత్ర వారికి ఎక్కువకాలం గుర్తుంటుందని నా బడి అనుభవం.

ఇంకొక మాట. చామ్‌లు శిథిలాలలోనే మిగిలిపోలేదు. 1471లో వారి విజయనగరం, దాని పేరు విజయ, వియత్ రాజు లే థాన్ తోంగ్ చేతికి చిక్కినది. కడపటి పాండురంగ రాజ్యం 1832లో అంతరించినది. అయినా ఫాన్ రాంగ్ ప్రాంతంలో, అనగా నాటి పాండురంగంలో, శైవపు పాతపద్ధతిని పాటించే చామ్‌లు నేటికీ తమ ఇటుక గోపురాలలో 'కాతే' పండుగ చేసికొంటున్నారు. వారి ప్రక్కనే ఇస్లామును తమ ఆచారాలతో కలుపుకొన్న 'బాని' చామ్‌లున్నారు. కంబోడియాలో ముస్లిములైన చామ్‌లు ఎందరో ఉన్నారు. మీసన్ కట్టినవారి వారసులు వీరందరూ. 'అంతా మనదే' అనే మాటలో వీరికి చోటు ఎక్కడ?

పరులదాన్ని ప్రేమించిన తీరుకు ఒక ఉదాహరణ హోయ్ ఆన్ వీధిలోనే విగ్రహరూపంలో ఉన్నది. కాజిమియెర్జ్ క్వియాత్కోవ్‌స్కీ అనే పోలండు దేశపు వాస్తుశిల్పి, యుద్ధానంతరం, 1980ల నుండి మీసన్ ఆలయాలను నిలబెట్టే పనిలో గడిపి, 1997లో వియత్నాములోనే కన్నుమూసినాడు. ఆయనకు ఆ దేవుడు కులదైవం కాదు, ఆ ఇటుక తాతముత్తాతలది కాదు. ఇదంతా మాదే అని ఆయన అన్నట్లు ఎక్కడా లేదు. పని చేసినాడు.

కనుక మా ఇంటి ప్రణాళికను ఇట్లు మార్చినాను. మీసన్‌కు ఒక పూట, తెల్లవారుజామున, ఎండ ముదరకముందే. ప్రవేశద్వారం నుండి లోపలికి బ్యాటరీ బండ్లున్నాయి గనుక నా మోకాళ్ళకు భయం లేదు. ముందురోజు సాయంత్రం దానాంగ్‌లోని చామ్ శిల్ప సంగ్రహాలయం. ఫ్రెంచివారు 1919లో తెరచినది. మీసన్ నుండి తెచ్చిన ఒక శిల్పంలో శేషశాయి నాభి నుండి పద్మం, పద్మంలో బ్రహ్మ పుడుతున్న దృశ్యం ఉన్నది. పిల్లలు దానిని తమంత తాము గుర్తుపట్టవలె, నేను నోరు విప్పను. బా నా కొండలకు ఒక పూట తగ్గించినాము. మనవడు మొదట అలిగినాడు, తీగమార్గం ఉన్నదని తెలిసి సరే అన్నాడు.

ఇంతకన్న ముఖ్యమైన షరతు ఒకటి పెట్టినాను. సింగపూరు నుండి చిన్నవాడి కుటుంబం సరాసరి దానాంగ్ చేరుకొనే ఆలోచనలో ఉన్నది. వద్దన్నాను, ముందు కీసర రావలసినదే. "నాన్నా, టికెట్ల ఖర్చు ఎంత పెరుగుతుందో చూచినారా?" అన్నాడు. చూచినాను. పెరిగిన భాగం నా పింఛను నుండి ఇస్తానన్నాను. బయలుదేరే ముందరి ఆదివారం ఉదయం పిల్లలిద్దరినీ గుట్టపైకి తీసికొని వెళ్తాను. చేతికి కొలతటేపు ఇచ్చి విష్ణుకుండినుల ఇటుక పొడవు, వెడల్పు, మందం ముట్టుకోకుండా కొలిచి పుస్తకంలో వ్రాసికొమ్మంటాను. 'తొలచువాండ్రు' అన్న మాట ఎదుట కూర్చోబెట్టి ఒక్కొక్క అక్షరం చదివిస్తాను. మనవరాలికి తెలుగు చదవడం ఇంకా రాదు. ఆ పిల్లకు తెలుగులో మొదటి పాఠం అదే అయితే అంతకన్న ఏమి కావలె?

రేపు మీసన్‌లో ఏ మార్గదర్శకుడైనా "మీ ఊళ్ళో ఇటువంటిది ఉన్నదా?" అని అడిగితే వారు పుస్తకం తెరచి కొలతలు చెప్పగలగవలె. ఆ తరువాత అతని ఇటుక కొలత కూడా అడిగి వ్రాసికోవలె. చుట్టరికం కలుపుకొనే పద్ధతి నాకు తెలిసినంతవరకు అదే. మన ఇంటి సంగతి చెప్తాము, వారి ఇంటి సంగతి వింటాము.

శుభం.