జబ్బు నయమైనా బీమా లేదా?

కాన్సరు వచ్చిందంటే ఇక ఆశ వదులుకోవలసిందేనని మన పల్లెల్లో అనుకునే రోజులు ఉండేవి. ఇప్పుడు పరిస్థితి మారింది. మన దేశంలో స్త్రీలకు వచ్చే కాన్సర్లలో రొమ్ము కాన్సరుదే మొదటి స్థానం. అయినా తొలిదశలో గుర్తించి వైద్యం చేయిస్తే నయమయ్యే జబ్బు అది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. కాన్సరు ఆస్పత్రి వంటివి ఉన్నాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల పేదవారికి సైతం ఆపరేషను, కరెంటు వైద్యం, మందులు అందుతున్నాయి. అలా వైద్యం పొంది, ఇంటికి తిరిగివచ్చి, మళ్లీ నాట్లకు, కలుపులకు పోతున్న ఆడపడుచులు మన జిల్లాలోనూ ఉన్నారు. సంతోషించవలసిన విషయమే.

అయితే ఆ ఇల్లాలు తన పేరిట జీవిత బీమా పాలసీ తీసుకోవాలని అనుకున్నప్పుడు అసలు చిక్కు వస్తుంది. పిల్లలు చిన్నవాళ్లు, కాస్తో కూస్తో అప్పు ఉంది, రేపు తనకేదైనా అయితే పిల్లల చదువు ఆగకూడదని ఆమె తాపత్రయం. ఆరోగ్యశ్రీ కార్డు ఉంది కదా అని కొందరు అంటారు. అది వైద్యం ఖర్చుకు పనికివస్తుంది, మనిషి పోయిన తర్వాత ఇంటివారికి డబ్బు ఇచ్చేది కాదు. జీవిత బీమా వేరు.

ఇటువంటి ఇల్లాలికి ఎదురయ్యే సమాధానాలు సాధారణంగా రెండు. మొదటిది, ‘నీకు బీమా ఇవ్వరమ్మా’ అని నోటిమాటగా పంపించివేయడం. రెండోది, ‘ఆ జబ్బు సంగతి రాయకు, ఎవరికి తెలుస్తుంది’ అని సలహా ఇవ్వడం. మొదటిది అన్యాయం. రెండోది అంతకంటె ప్రమాదం.

దాచిపెడితే ఏమవుతుందో స్పష్టంగా తెలుసుకోవాలి. 1938 నాటి బీమా చట్టంలో 45వ సెక్షను ఉంది. 2015లో దానిని సవరించారు. దాని ప్రకారం పాలసీ మొదలై మూడేళ్లు నిండితే కంపెనీ ఏ కారణం చూపి కూడా ఆ పాలసీని ప్రశ్నించరాదు. మూడేళ్లలోపు మాత్రం ముఖ్యమైన సంగతి దాచారని రుజువైతే రద్దు చేయవచ్చు. మోసం చేసే ఉద్దేశంతో దాచారని తేలితే కట్టిన సొమ్ము కూడా తిరిగి రాదు. మూడేళ్లు గడిస్తే చాలు కదా అని ఆశపెట్టే ఏజెంట్లు ఉంటారు. కాని ఈ జబ్బు చాలామందిలో తిరగబెట్టే భయం ఎక్కువగా ఉండేది ఆ తొలి సంవత్సరాల్లోనే. డబ్బు అవసరమైన సమయానికే పాలసీ చేతికి అందకుండా పోతుంది. ఆపరేషను కాగితాలు ఆస్పత్రిలో ఉంటాయి, ఆరోగ్యశ్రీలో నమోదై ఉంటాయి. దాగే సంగతి కాదది.

‘ఏజెంటుకు నేను నోటితో చెప్పాను’ అంటే తర్వాత రుజువు ఉండదు. కాబట్టి ప్రతిపాదన పత్రంలో జబ్బు సంగతి రాయించాలి. చదువు రానివారు వేలిముద్ర వేసేముందు అందులో రాసినదంతా చదివి వినిపించమని అడగాలి. అలా చదివి వినిపించినట్లు రాసి సంతకం చేసే చోటు కూడా ఆ పత్రంలోనే ఉంటుంది. అది మొక్కుబడి చోటు కాదు. ఆ సంతకం చేసినవారు దానికి జవాబుదారీ అని ఏజెంట్లు గుర్తుంచుకోవాలి.

నిజం రాస్తే బీమా రానే రాదని అనుకోవడం పొరపాటు. జబ్బు ఏ దశలో బయటపడింది, చంక కింద గడ్డలకు పాకిందా లేదా, ఏ వైద్యం జరిగింది, వైద్యం పూర్తయి ఎన్నేళ్లయింది, మళ్లీ తిరగబెట్టిందా అని కంపెనీ చూస్తుంది. వైద్యం ముగిసి కొద్దికాలమే అయితే కొన్నేళ్లు ఆగి రమ్మంటుంది. కొన్నేళ్లు గడిచి, పరీక్షలన్నీ బాగుంటే, మామూలు కంటె కొంత ఎక్కువ ప్రీమియం మీద ఇవ్వవచ్చు. కొందరికి నిరాకరించవచ్చు కూడా. అన్ని కంపెనీల లెక్క ఒకటి కాదు. ఒకచోట కాదంటే మరొకచోట అడగవచ్చు. అందుకని ముక్క పరీక్ష రిపోర్టు, ఆపరేషను వివరాలు, ఆస్పత్రి నుంచి పంపినప్పుడు ఇచ్చిన కాగితం, ఆ తర్వాత ఏటేటా చేయించుకున్న పరీక్షల రిపోర్టులు అన్నీ ఒక సంచిలో భద్రపరచుకోవాలి. ఏటేటా పరీక్షకు పోవడం ప్రాణానికీ మంచిది, పాలసీకీ మంచిది.

ఈలోగా చేతులు ముడుచుకు కూర్చోనక్కరలేదు. తెలంగాణలో 2018 ఆగస్టు 14న మొదలైన రైతుబీమా ఉంది. పట్టాదారు పాసుపుస్తకం ఉండి 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న రైతు ఏ కారణం చేత మరణించినా నామినీకి 5 లక్షల రూపాయలు వస్తాయి. ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. వైద్య పరీక్ష లేదు. కాన్సరు నుంచి కోలుకున్న ఇల్లాలి పేరున పట్టా ఉంటే ఆమెకూ ఇది వర్తిస్తుంది. కాని మన ఇళ్లలో పట్టా ఎవరి పేరున ఉంటోంది? మగవారి పేరునే. పొలంలో సగం పని చేసేది ఆమె, పాసుపుస్తకంలో మాత్రం ఆమె పేరు ఉండదు. కొంత భూమి అయినా ఆమె పేరున ఉంటే ఎంత అండ అవుతుందో ఇంటి పెద్దలు ఆలోచించాలి. కౌలుదార్లకు, భూమి లేని కూలీలకు ఈ బీమా లేకపోవడం పెద్ద లోటేనని కూడా చెప్పక తప్పదు.

భూమి లేనివారికి బ్యాంకులోనో, పోస్టాఫీసులోనో ఖాతా ఉంటే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఉంది. ఏడాదికి 436 రూపాయలు ఖాతా నుంచి తీసుకుంటారు. మరణిస్తే 2 లక్షల రూపాయలు ఇస్తారు. 18 నుంచి 50 ఏళ్ల వయసులో చేరవచ్చు. ఏటా కడుతూ ఉంటే 55 ఏళ్ల వరకు కొనసాగుతుంది. వైద్య పరీక్ష ఉండదు. చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాద మరణానికి తప్ప డబ్బు రాదు. చేరే కాగితంలో ఏమి రాసి ఉందో చదివించుకొని మరీ సంతకం చేయాలి. మే నెలాఖరున ఖాతాలో డబ్బు లేక బీమా ఆగిపోకుండా చూసుకోవాలి.

జబ్బు రాకముందు తీసుకున్న పాలసీ ఉన్నవారు దానిని కంటికి రెప్పలా కాపాడుకోవాలి. తర్వాత జబ్బు వచ్చిందని ఆ జీవిత బీమా ప్రీమియాన్ని పెంచరు, పాలసీని రద్దు చేయరు. కాని వైద్యం ఖర్చుల్లో పడి కంతు కట్టడం మరచిపోతే పాలసీ ఆగిపోతుంది. నెలనెలా కట్టేవారికి గడువు దాటాక 15 రోజులు, మూడునెలలకో, ఆరునెలలకో, ఏడాదికో కట్టేవారికి 30 రోజులు మాత్రమే వెసులుబాటు ఉంటుంది. అదీ దాటితే మళ్లీ ఆరోగ్యం సంగతి అడుగుతారు. తిరిగి మొదలుపెట్టినా, చట్టంలోని మూడేళ్ల లెక్క మొదటికి వస్తుంది. ఇంట్లో ఎవరు ఆస్పత్రిలో ఉన్నా, ఆమె పాలసీ కంతు కట్టే బాధ్యత మరొకరు తీసుకోవాలి.

కంపెనీ క్లెయిము నిరాకరిస్తే అంతటితో ఊరుకోవద్దు. కారణాలు రాతపూర్వకంగా ఇవ్వవలసిన బాధ్యత కంపెనీది. ముందు కంపెనీకే ఫిర్యాదు రాయాలి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయానికి ఏడాదిలోగా అర్జీ పెట్టుకోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. 155255 నెంబరుకు ఫోను చేసి కూడా బీమా నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చెప్పవచ్చు.

ఇంతవరకు చెప్పినది ఇంటివారు చేసుకోవలసిన పని. ప్రభుత్వం చేయవలసినదీ ఉంది. ఫ్రాన్సు దేశంలో 2016లో ఒక చట్టం వచ్చింది. కాన్సరు వైద్యం పూర్తయి నిర్ణీత కాలం జబ్బు తిరగబెట్టకుండా ఉంటే, ఇంటి అప్పు వంటివాటికి తీసుకునే బీమాలో ఆ పాత జబ్బు సంగతి చెప్పనక్కరలేదు. మొదట పదేళ్లుగా ఉన్న ఆ గడువును 2022లో అయిదేళ్లకు తగ్గించారు. ఐరోపాలో మరికొన్ని దేశాలూ ఇదే బాట పట్టాయి. అంటే, కోలుకున్న మనిషిని జీవితమంతా రోగిగా చూడడం తగదని ఆ దేశాలు ఒప్పుకున్నట్లే. మన బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. ఇటువంటి నిబంధన మన దేశానికీ తెచ్చే విషయం ఆ సంస్థ, కేంద్ర ప్రభుత్వం పరిశీలించాలి. అది వచ్చేలోగా, ప్రతిపాదనను కాదన్నప్పుడు ఎందుకు కాదన్నారో, మళ్లీ ఎన్నాళ్లకు రావచ్చో తెలుగులో రాసి ఇచ్చే పద్ధతి అయినా పెట్టాలి. అంత చిన్న పనికి చట్టం మార్చనక్కరలేదు.

చివరగా ఒక మాట. మన ఇళ్లలో మగవాడికే బీమా తీసుకుంటాం, సంపాదించేది అతడేనని. ఆమె లేకపోతే వంట ఎవరు చేస్తారు, పశువులను ఎవరు చూస్తారు, కూలి డబ్బు ఎవరు తెస్తారు అని లెక్క వేయం. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు. ఇంటి ఆడవారు ఆరోగ్యంగా ఉన్నప్పుడే వారి పేరిట బీమా తీసుకోవాలి. జబ్బు వచ్చి కోలుకున్నవారు నిజం రాసి, ధైర్యంగా అడగాలి. చావును ఎదిరించి ఇంటికి వచ్చిన ఇల్లాలు బీమా ఆఫీసు గుమ్మం ముందు తల దించుకోవలసిన అవసరం లేదు.